లోపలి పని

మాది కాసిపేట. కాజీపేట కాదు. ఈ రెండో వాక్యం చెప్పకుండా మొదటిదొక్కటే చెప్పి ఊరుకుంటే ఏమవుతుందో నాకు బాగా అనుభవం. "ఓహో, జంక్షనా! ఢిల్లీ బండిలో పోతూ అక్కడే కదూ ఇడ్లీ తిన్నాం!" అంటారు. మీరు ఇడ్లీ తిన్నది వరంగల్ పక్కనున్న కాజీపేటలోనండీ. మాది మందమర్రికీ బెల్లంపల్లికీ దగ్గర్లో, బొగ్గుబాయిలూ దేవాపూర్ సిమెంటు ఫ్యాక్టరీ ఉన్న కాసిపేట. ఒక్క అక్షరం తేడా. ఆ ఒక్క అక్షరం మూలంగా మా ఇంటికి రావలసిన పార్సిళ్లు ఎన్ని వరంగల్ చూసొచ్చాయో లెక్కలేదు.

ఇది చాలదన్నట్టు 2016 అక్టోబరు 11న, దసరా పండుగనాడు, మా జిల్లా పేరు కూడా మారింది. పొద్దున ఆదిలాబాద్ జిల్లాలో నిద్రలేచినవాళ్లం రాత్రికి మంచిర్యాల జిల్లాలో పడుకున్నాం. ఇల్లు కదల్లేదు. వాకిట్లో వేపచెట్టు కదల్లేదు. కదిలిందల్లా చిరునామా. అయినా ఆ తర్వాత ఎన్నాళ్లో ఏ కాగితం పట్టుకెళ్లినా "ఇందులో ఒక జిల్లా, అందులో ఇంకో జిల్లా ఉందేమిటమ్మా?" అనే ప్రశ్న తప్పలేదు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, నేను చేసే ఉద్యోగంలో ఇలాంటి దసరాలు ఏడాదికి రెండు వస్తాయి.

నేను ఇంట్లో కూర్చునే బెంగళూరు కంపెనీకి పనిచేస్తాను. సాఫ్ట్‌వేరు అంటే మా వాడలో అందరికీ ఒకటే ప్రశ్న, "అమెరికా ఎప్పుడు?" అని. మా బాపు మాత్రం అది అడగలేదు. ఆయన బాయిలో సర్దార్‌గా చేసి రిటైరైన మనిషి. అడిగిన ప్రశ్న కూడా బాయి ప్రశ్నే.

"నీది లోపలి పనా బిడ్డా, సర్ఫేస్ పనా?"

బొగ్గుబాయి ఊళ్లలో ఉద్యోగాలకు ఈ రెండే కులాలు. బాయిలోకి దిగేవాళ్లు, పైన ఉండేవాళ్లు. నేను కాసేపు ఆలోచించి, "లోపలి పనే బాపూ" అన్నాను. ఆ మాటతో ఆయన నా వంక చూసే చూపే మారిపోయింది. లోపల ఏముంటుందో చెప్పమని కూచున్నాడు. ఆయనకు చెప్పినట్టే మీకూ చెబుతాను.

మనిషి రాసిన ప్రోగ్రాము యంత్రానికి తెలియదు. ఆ రాతను యంత్రం భాషలోకి దించిపెట్టేదాన్ని కంపైలరు అంటారు. లోకంలో నూటికి తొంభైతొమ్మిది మంది ప్రోగ్రాము రాసి కంపైలరుకు అప్పజెప్పి, టీ తాగి వస్తారు. అది సర్ఫేసు పని. ఆ కంపైలరు కడుపులోకి దిగి, అది చదువుతున్నప్పుడే దాని పక్కన నిలబడి, "ఆగు, ఈ వాక్యం ఒప్పుకోవద్దు" అని చెప్పేవాళ్లు కొద్దిమంది. అది లోపలి పని.

నేను దిగే బాయి పేరు గ్లాస్గో హాస్కెల్ కంపైలరు. ముద్దుగా జీహెచ్‌సీ. హాస్కెల్ అనేది ఒక ఫంక్షనల్ భాష. అంటే అందులో అంతా ఫంక్షన్లే. ఒక ఫంక్షనుకు ఇవాళ రెండు ఇస్తే అయిదు వచ్చిందంటే, రేపిచ్చినా అయిదే వస్తుంది, అమావాస్యనాడు ఇచ్చినా అయిదే వస్తుంది. చాటుగా దేన్నీ మార్చదు, చెప్పకుండా ఎక్కడికీ పోదు. ఇంత బుద్ధిమంతురాలైన భాష కావాలని 1987లో అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో జరిగిన ఒక సమావేశంలో పండితులు కొందరు అనుకున్నారు. హాస్కెల్ కరీ అనే తర్కశాస్త్రవేత్త పేరు పెట్టారు. భాషకు మొదటి నివేదిక 1990లో వెలువడింది, అదీ సరిగ్గా ఏప్రిల్ ఒకటో తారీఖున. ముహూర్తాలు చూసుకునే అలవాటు వాళ్లకు లేదు కాబోలు.

ఈ భాష విశ్వవిద్యాలయాల్లో తప్ప మరెక్కడా కనబడదనుకునేరు. బెంగళూరులో 2022లో వచ్చిన 'నమ్మ యాత్రి' ఆటో యాప్ వెనక పనిచేసేది హాస్కెలే. దాని తోబుట్టువు 'మన యాత్రి' 2024లో హైదరాబాదు వచ్చింది. ఆటోలో కూర్చుని మీటరు గురించి గొడవ పడకుండా ఇల్లు చేరినవాళ్లకు ఈ సంగతి తెలియనక్కర్లేదు, తెలిస్తే నష్టమూ లేదు.

అసలు విశేషం ఏమిటంటే, జీహెచ్‌సీని చాలామట్టుకు హాస్కెల్‌లోనే రాశారు. వంటవాడు తనకు తానే వండుకున్నట్టు. అందువల్ల దాని కడుపులో ఉన్నవి కూడా మామూలు హాస్కెల్ ఫంక్షన్లే. చదివే గది ఒకటి, పేర్లు తేల్చే గది ఒకటి, టైపులు సరిచూసే గది ఒకటి. ఆ తర్వాత అంత పెద్ద భాషనూ విప్పి విప్పి 'కోర్' అనే బుల్లి భాషలోకి దించుతుంది. అందులో ఉన్నవి పదంటే పది రూపాలే. ఎంతటి గడుసు ప్రోగ్రామైనా ఆ పదింట్లో ఇమడాల్సిందే. ఆ పిదప దాన్ని సాపుచేసి, యంత్రానికి వడ్డిస్తుంది.

ఈ గదులకు తలుపులు కూడా ఒకటొకటిగా తెరిచారు. 2011లో కోర్ గదికి. 2015లో టైపుల గదికి. 2018లో, అప్పుడే చదివిన, అప్పుడే టైపులు చూసిన ప్రోగ్రామును మన చేతికిచ్చే తలుపు. ఆ తలుపులోంచి దూరే మన ప్రోగ్రామును ప్లగిన్ అంటారు. టైపుల తలుపు తెరిచిన ఏడాదే ఆడమ్ గుండ్రీ అనే ఆయన దాంట్లోంచి దూరి, మీటర్లకు సెకన్లు కలిపితే కంపైలరే ఒప్పుకోకుండా చేసే ప్లగిన్ రాశాడు. కొలతలు కలిస్తే ఏమవుతుందో బాపుకు చెప్పాను. 1999లో అమెరికావాళ్లు అంగారకుడి మీదికి పంపిన నౌక ఒకటి, ఒకరు పౌండ్ల లెక్కలో, ఒకరు న్యూటన్ల లెక్కలో రాసుకోవడంవల్లే పోయింది. "అంత దూరం పంపినోళ్లు కొలత సూసుకోలేదా?" అని బాపు చాలాసేపు బాధపడ్డాడు. ఎవరి నౌకో.

ఇక మా కంపెనీ సంగతి. డబ్బు చెల్లింపులు నడిపే కంపెనీ. జనం కార్డు నంబర్లు మా ప్రోగ్రాముల్లోంచి పోతుంటాయి. ప్రతి ప్రోగ్రామూ తను చేసిన పనిని ఒక చిట్టాలో రాసుకుంటూ పోతుంది. రాత్రి ఏదైనా చెడితే పొద్దున ఆ చిట్టా చూసి కనుక్కుంటారు. అయితే ఆ చిట్టాలో కార్డు నంబరు పడకూడదు. పడిందంటే, దాన్ని చదవగల ప్రతివాడి చేతిలో మీ పర్సు పెట్టినట్టే.

దీనికి బయటినుంచి కాపలా కాయవచ్చు గదా అంటారు. కాసి చూశారు. లాభం లేదు. 'కార్డు' అనే మాట ఎక్కడుందో వెతికితే, ఒకడు దానికి 'ఎక్స్' అని పేరు పెట్టి ఉంటాడు, ఇంకొకడు పెద్ద మూటలో నాలుగో వస్తువుగా కట్టి మూటనంతా చిట్టాలో పారేస్తాడు. పేరు చూసి సంచిలో ఏముందో చెప్పలేం. సంచిమీద చీటీ ఉండాలి. ఆ చీటీనే టైపు అంటారు. ప్రతి సంచికీ చీటీ అంటించేది కంపైలరు, అదీ లోపలి గదిలో. కాబట్టి కాపలావాడు అక్కడే నిలబడాలి. టైపులు చూసిన మరుక్షణం ప్రోగ్రాము చెట్టునంతా కొమ్మ కొమ్మా తిరిగి, చిట్టాలో రాసే ప్రతి చోటా, రాయబోయే సరుకు చీటీలో 'కార్డు నంబరు' ఎక్కడైనా ఉందా అని చూసి, ఉంటే ఆ వరస నంబరుతో సహా కంపైలు ఆపేయాలి. కోర్ దాకా పోయి చూడవచ్చు కానీ, అప్పటికి ప్రోగ్రాము రూపం మారిపోయి ఉంటుంది, తప్పు ఏ వరసలో ఉందో రాసినవాడికి అర్థమయ్యేట్టు చెప్పడం కష్టం. ఇలాంటి ప్లగిన్ మా కంపెనీలో ఉండేది. దాన్ని రాసినాయన వేరే ఉద్యోగానికి వెళ్తూ దాన్ని నాకు అప్పజెప్పాడు.

బాగానే ఉంది గదా, మరి బాధేమిటి? బాధ ఏమిటంటే, తలుపు తీశారు గానీ మాట ఇవ్వలేదు.

భాషకు మాట ఉంది. ఇవాళ రాసిన హాస్కెల్ ప్రోగ్రాము రేపటి కంపైలరులోనూ ఇంచుమించు నడుస్తుంది. కంపైలరు లోపలి గదులకు ఆ హామీ లేదు. చుట్టాన్ని వంటింట్లోకి రానిచ్చినంత మాత్రాన పోపులడబ్బా జన్మంతా అదే అరలో పెడతామని కాదు గదా! అరలు సర్దుకునే హక్కు ఇల్లాలిది. జీహెచ్‌సీ కొత్త విడుదల దాదాపు ఆరు నెలలకోటి వస్తుంది. వచ్చినప్పుడల్లా అరలు సర్దుతారు. 2021 ఫిబ్రవరిలో 9.0 వచ్చినప్పుడైతే గదుల పేర్లన్నీ ఒక్కసారిగా మార్చారు. అంతకుముందు 'అవుట్‌పుటబుల్' అని పిలిస్తే పలికేది, ఆనాటినుంచి 'జీహెచ్‌సీ డాట్ యుటిల్స్ డాట్ అవుట్‌పుటబుల్' అంటే గానీ పలకదు. లోపలి సరుకు చాలావరకు అదే. చిరునామా మారింది. నాకు మా జిల్లా గుర్తొచ్చింది.

నిజం చెప్పాలంటే ఆ మార్పు మంచిదే. అంతకుముందు వందల ఫైళ్లు ఒకే చావట్లో గుంపుగా పడి ఉండేవి. వాళ్ల ఇల్లు వాళ్లు సర్దుకోకపోతే కొత్తగా పనిలోకి వచ్చేవాళ్లకు దారి దొరకదు. ఈ సంగతి నా పనికి అడ్డం వచ్చినప్పుడు కూడా ఒప్పుకోవాలి గదా.

మా కంపెనీ 8.10 మీద చాలాకాలం బాసింపట్టు వేసుకుని కూర్చుంది. కానీ ఎన్నాళ్లు? మేం వాడే లైబ్రరీలు ఒక్కొక్కటే పాత కంపైలరును వదిలేస్తూ వచ్చాయి. చివరికి కొత్తదానికి మారక తప్పని రోజు వచ్చింది. నేను ప్లగిన్‌ను కొత్త కంపైలరుకు చూపించాను. రెండు వందల పైచిలుకు తప్పులు. తెర అంతా ఎర్రగా, ఎండాకాలం మిరప కళ్లంలా.

దీనికి నాకేం భయం వేయలేదు. ఇవి మంచి తప్పులు. 'ఈ పేరు లేదు', 'ఈ ఫంక్షనుకు మూడు కావాలి, నువ్వు రెండే ఇచ్చావు' అని అది చెబుతూ ఉంటే, నేను దిద్దుతూ పోవడమే. రెండు వారాలకు ఎరుపంతా పోయింది. ప్లగిన్ కంపైలయింది. మా మేనేజరు శుభం అన్నాడు.

మా దగ్గర తప్పుడు ప్రోగ్రాముల సంచి ఒకటి ఉంది. కావాలని కార్డు నంబరును చిట్టాలో రాసే చిన్న చిన్న ప్రోగ్రాములు. ప్లగిన్ వాటిలో ప్రతిదాన్నీ ఆపాలి. ఆపకపోతే ప్లగిన్ చెడినట్టు. శుభం పలికాక ఆ సంచి దులిపాను. కొన్నింటిని ఆపింది. కొన్నింటిని మాత్రం, "పోండి నాయనా, మీకేం భయం లేదు" అని సాగనంపింది. ఒక్క ఎర్ర గీత లేదు, ఒక్క హెచ్చరిక లేదు.

కారణం దొరకడానికి నాలుగు రోజులు పట్టింది. హాస్కెల్‌లో 'డూ' అనే మాటతో మొదలయ్యే బ్లాకులుంటాయి, వరసగా చేయాల్సిన పనులన్నీ అందులోనే రాస్తారు. చిట్టా రాతలు దాదాపు అన్నీ అక్కడే. ఇటీవలి విడుదలల్లో కంపైలరు ఆ బ్లాకును టైపులు చూడకముందే విప్పి, మరో రకం కొమ్మలో చుట్టి పెట్టడం మొదలుపెట్టింది. మా ప్లగిన్ చెట్టు తిరిగేటప్పుడు తనకు తెలిసిన కొమ్మలన్నిటికీ ఏం చేయాలో రాసి ఉంది. చివర్న ఒక వరస, "మిగతా ఏదైనా సరే, వదిలెయ్" అని. ఆ వరస రాసినాడు మిగతా కొమ్మల్లో ఏమీ లేని మాట నిజం. ఈనాడు ఆ మిగతాలోనే ఇంటి సామానంతా ఉంది. కాపలావాడు గుమ్మంలోనే ఉన్నాడు, మెలకువగానే ఉన్నాడు, వీధివైపు తిరిగి ఉన్నాడు. ఇల్లు పెరటివైపుకు పెరిగింది.

మేనేజరు ఒక మాటన్నాడు. "మనది కాని గోడకు మేకు కొట్టుకున్నాం. ప్రతి ఆరు నెలలకూ ఇదే తిప్పలైతే ఎట్లా? తీసేద్దాం. కోడు చదివి చూసేవాళ్లు జాగ్రత్తగా చూస్తారు." ఆయన తప్పుడు మనిషి కాదు. గడువు దగ్గరపడింది, ఈ ప్లగిన్ సంగతి తెలిసినదాన్ని నేనొక్కదాన్ని, రేపు నేను జ్వరంతో పడుకుంటే ఎవరు చూస్తారన్నది న్యాయమైన ప్రశ్నే. కానీ మనిషి కన్ను రోజుకు ఎన్ని వేల వరసలు చూస్తుంది? సాయంత్రం ఆరింటికి, బస్సు టైముకు చూసే వరసలు ఎట్లా చూస్తుంది? నేను ఒక వారం గడువడిగాను. ఈలోగా పాత ప్లగిన్ ఆపాల్సినవన్నీ కొత్తది కూడా ఆపితేనే ఉంచుదాం, లేకపోతే తీసేద్దాం అనే ఒప్పందం మీద.

ఆ రాత్రి అన్నం దగ్గర బాపుకు సంగతంతా చెప్పాను. కంపైలరు గొడవ ఎంత అర్థమైందో గానీ, 'తప్పు వచ్చింది గానీ చప్పుడు రాలేదు' అన్నచోట ఆయన ముద్ద ఆగిపోయింది.

"మేము కట్టె పెట్టేటోళ్లం కప్పు కింద" అన్నాడు. "ఇనుపది బలమే. కానీ కట్టె ఇరిగే ముందల కిరకిరమంటది. ఆ సప్పుడినంగనే బయటికురుకుతుంటిమి. ఇనుపది గట్ల చెప్పది."

సర్దార్ పనిలో సగం చెవి పనే. షిఫ్టు మొదట్లో అందరికంటే ముందు పోయి, పైకప్పును కర్రతో తట్టుకుంటూ నడవాలి. గట్టి రాయి ఖంగుమంటుంది. పొర విడిన రాయి డోలులా బోలుగా పలుకుతుంది. పోయిన షిఫ్టు సర్దార్ తట్టాడు గదా అని వదిలేయడానికి లేదు.

నాకు కావలసింది ఆ కట్టె. మర్నాడు కూర్చుని ఆ "మిగతా ఏదైనా సరే" వరసను కొట్టేశాను. దాని స్థానంలో చెట్టులో ఉన్న ప్రతి రకం కొమ్మనూ పేరుపేరునా రాశాను, ఏమీ చేయనక్కర్లేనివాటిని కూడా. విసుగు పుట్టే పని. పెళ్లి పిలుపుల జాబితాలా ఎంతకూ తెమలదు. కానీ హాస్కెల్‌లో ఒక సదుపాయం ఉంది. ఏ కొమ్మనైనా రాయడం మరిచిపోతే కంపైలరు హెచ్చరిస్తుంది, ఆ హెచ్చరికను తప్పుగా లెక్కించమంటే లెక్కిస్తుంది. అంటే రేపెప్పుడైనా వాళ్లు ఇంటికి కొత్త గది కడితే, మా ప్లగిన్ ఆ గదిని చూడకుండా దాటిపోలేదు. అసలు కంపైలే కాదు. కిరకిరమంటుంది.

రెండో పని, కంపైలరు లోపలి సరుకును ముట్టుకునే వరసలన్నిటినీ ఏరి ఒకే ఫైలులో పెట్టాను. అంతకుముందు ప్లగిన్ నిండా 'కంపైలరు పాతదైతే ఇట్లా, కొత్తదైతే అట్లా' అనే అడ్డగోడలుండేవి. ఇప్పుడు గోడలన్నీ ఆ ఒక్క ఫైలులోనే. తతిమ్మా ప్లగిన్‌కు జీహెచ్‌సీ అనేది ఒకటుందనే తెలియదు. నేను జ్వరంతో పడుకున్నా ఇంకొకరు చూడవలసింది ఒక్క ఫైలే. మేనేజరుకు మొదటిదానికంటే ఇదే నచ్చింది.

తప్పుడు ప్రోగ్రాముల సంచి మళ్లీ దులిపాను. అన్నీ ఆగాయి. ప్లగిన్ ఉద్యోగం నిలిచింది.

ఈ తిప్పలు నాకొక్కదానికే అనుకోకండి. రాస్తుండగానే తప్పులు చూపించే హాస్కెల్ లాంగ్వేజ్ సర్వర్ కూడా ఈ గదుల మీదే ఆధారపడి ఉంది, దాని నిర్వాహకులు ప్రతి విడుదలకూ ఇదే కసరత్తు చేస్తారు. ప్రోగ్రాము చెప్పిన మాట నిలబెట్టుకుంటుందో లేదో రుజువు చూసే లిక్విడ్ హాస్కెల్ కూడా 2020లో ప్లగిన్‌గా మారి ఇదే పంక్తిలో కూర్చుంది. అవతలివాళ్లూ ఊరికే లేరు. 2024లో 9.10 విడుదలతో, అందరూ వాడే మూల లైబ్రరీలోంచి లోపలి సామాను తీసి 'జీహెచ్‌సీ ఇంటర్నల్' అని వేరే పెట్టారు. ఇది చావడి, అది వంటిల్లు అని గుమ్మం మీద రాసిపెట్టినట్టు. లోపలికి వచ్చేవాడు తెలిసే వస్తాడు.

2024 డిసెంబరులో 9.12 వచ్చింది. మా కంపెనీకి అప్పుడే అక్కర్లేదు గానీ, నాకు మనసాగక ప్లగిన్‌ను దానికి చూపించాను. ఒక్కసారిగా ఎర్ర వరసలు. చూసి నవ్వొచ్చింది.

"తప్పులొస్తే నవ్వుతవేందే? గా పిచ్చేంది?" అంది అమ్మ, చిక్కుడుకాయలు ఒలుస్తూ.

బాపు ఏమీ అనలేదు. కళ్లజోడు తెచ్చుకుని, కుర్చీ నా పక్కకు జరుపుకుని, ఎర్ర వరసలను పైనుంచి వేలితో ఒక్కొక్కటే తడుతూ లెక్కపెట్టడం మొదలుపెట్టాడు.